పక్క కుర్చీలో ఏమి వినిపిస్తోంది?

సభకు నమస్కారం.

నెల్లూరులో మైకుసెట్ల వారి ముందు నిలబడి స్పీకర్ల గురించి చెప్పడమంటే హనుమంతుడి ముందు కుప్పిగంతులే. రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువు గట్టున కిక్కిరిసే జనానికి మాట అందించే ఊరు ఇది. దూరం వినిపించేలా చేయడం ఎలాగో నేను చెప్పనక్కరలేదు. ఈ సాయంత్రం నా గొడవ వేరు: వినిపించే శబ్దం ఎటు నుంచి వస్తున్నట్టు తోచాలి? రంగస్థలం కుడి చివర నిలబడి నటుడు పద్యం అందుకుంటాడు. పద్యమేమో ఎడమ గోడ దగ్గరి బాక్సులోంచి వస్తుంది. కన్ను ఒక దిక్కు, చెవి మరో దిక్కు. ఈ తగవు ఒక్క శ్రోతకు తీర్చడం తేలిక. మూడు వందల మందికి ఒకేసారి తీర్చాలంటేనే అసలు చిక్కు.

రెండు బాక్సులతో దిక్కును పుట్టించే పద్ధతికి బ్రిటన్ ఇంజనీరు అలన్ బ్లమ్‌లైన్ 1931లో పేటెంటు దరఖాస్తు పెట్టాడు. మన ఇళ్లలోని స్టీరియో అదే. రెండింటికీ సమదూరంలో కూర్చుంటే గాయకుడు సరిగ్గా నడుమ నిలబడి పాడుతున్నట్టే ఉంటుంది, అక్కడ బాక్సేదీ లేకపోయినా. దీన్నే పురమందిరం లాంటి హాలులోకి తీసుకురండి. బాక్సుల మధ్య 12 మీటర్లు ఉందనుకుందాం. వేదికకు 10 మీటర్ల దూరంలో, నడిమి గీతకు 3 మీటర్లు కుడిగా ఒకాయన కూర్చున్నారు. కుడి బాక్సు ఆయనకు పదిన్నర మీటర్ల దూరం, ఎడమది పదమూడున్నర. ఆ మూడు మీటర్లు అదనంగా నడిచిన శబ్దం దాదాపు 9 మిల్లీసెకన్లు (మిల్లీసెకను అంటే సెకనులో వెయ్యో వంతు) ఆలస్యంగా చేరుతుంది. చెవికి అది చాలా పెద్ద ఎడం. ఒక్క మిల్లీసెకను ముందు చేరినా చాలు, శబ్దమంతా అటు నుంచే వస్తోందని చెవి తీర్పు చెప్పేస్తుంది. గాయకుడు కుడి బాక్సులో దూరిపోతాడు. అదే వరుసలో నడిమి గీత నుంచి ఒక అడుగు జరిగితేనే ఈ అవస్థ మొదలవుతుంది. ఆ గీత మీద మన హాళ్లలో సాధారణంగా ఏముంటుంది? నడవా. అంత ఖర్చు పెట్టి పెట్టించిన స్టీరియోను సవ్యంగా వినేది టీ గ్లాసులు పట్టుకుని నడిచే కుర్రాడొక్కడే.

అమెరికా టెలిఫోను పరిశోధనశాల బెల్ ల్యాబ్స్ వారు దీన్ని తొలినాళ్లలోనే పట్టుకున్నారు. 1933 ఏప్రిల్ 27న ఫిలడెల్ఫియాలో వాద్యబృందం వాయిస్తుంటే, ఆ సంగీతాన్ని టెలిఫోను లైన్ల మీద వాషింగ్టన్‌లోని కాన్‌స్టిట్యూషన్ హాలుకు పంపారు. మూడు లైన్లు, మూడు వైపులకు మూడు స్పీకర్లు. నడుమ ఉన్నట్టు భ్రమ కల్పించే బదులు నడుమ నిజంగానే ఒకటి పెట్టేశారు. సినిమా హాలులో మాటలు నేటికీ ప్రధానంగా తెర వెనుక నడిమి స్పీకరు నుంచే వస్తాయి. కాబట్టి నాటకాల వారికి నా మొదటి సలహా మోటుగానే ఉంటుంది: శబ్దం ఎక్కడి నుంచి రావాలో అక్కడ ఒక బాక్సు పెట్టండి. చిన్నదైనా ఫరవాలేదు.

చిన్న బాక్సు వెనుక వరుసలకు చాలదు కదా అంటారు. చెవికున్న తొందరపాటే ఇక్కడ మనకు అక్కరకొస్తుంది. జర్మనీలో హెల్మట్ హాస్ 1949లో తన పరిశోధనలో చూపిన సంగతి ఇది: ఒక మాట చెవిని చేరాక, అదే మాట మరో స్పీకరు నుంచి 10, 20 మిల్లీసెకన్లు ఆలస్యంగా, శబ్ద తీవ్రత కొలతలో ఇంచుమించు 10 డెసిబెల్‌లు హెచ్చుగా వచ్చినా సరే, దిక్కు మాత్రం మొదటిదానికే దక్కుతుంది. కష్టపడేది రెండోది, పేరు మొదటిదానికి. ఆఫీసుల్లో పనిచేసేవారికి ఇది కొత్తేమీ కాదు. వేదికకు 25 మీటర్ల దూరంలో ఒక స్తంభం ఉందనుకోండి. శబ్దం అక్కడికి నడిచి రావడానికి 71 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ స్తంభం మీది బాక్సుకు 85 మిల్లీసెకన్ల డిలే, అంటే కావాలని చేసే ఆలస్యం, పెట్టండి; లెక్క కన్నా 14 ఎక్కువ. వెనుకవారికి నటుడే మాట్లాడుతున్నట్టు ఉంటుంది. డిలే లేకుండా వరుసగా హారన్లు కడితే ఏమవుతుందో ప్రతి తిరునాళ్లలోనూ వింటున్నాం. 50 మీటర్ల అవతలి హారన్ మాట 140 మిల్లీసెకన్ల వెనుకగా వచ్చి దగ్గరి హారన్ మాట మీద పడుతుంది. ఆరుబయట మరో మెలిక ఉంది. మన 40 డిగ్రీల మధ్యాహ్నం శబ్దం సెకనుకు 355 మీటర్ల వేగంతో పోతుంది, రాత్రి 28 డిగ్రీలకు దిగితే 348. స్తంభం 60 మీటర్ల దూరంలో ఉంటే మూడు నాలుగు మిల్లీసెకన్ల తేడా వస్తుంది. లెక్కకు పైన ఆ పద్నాలుగు మిల్లీసెకన్లు కలుపుకున్నది ఇందుకు కూడా.

ఖరీదైన దారులూ ఉన్నాయి. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో 1980ల చివర మొదలైన వేవ్ ఫీల్డ్ సింథసిస్‌లో స్పీకర్లను బారుగా పేర్చి శబ్ద తరంగాన్నే మళ్లీ నిర్మిస్తారు. ఏ కుర్చీలోనైనా దిక్కు చెదరదు. కానీ 17 సెంటీమీటర్లకొకటి చొప్పున పెట్టినా సుమారు 1000 హెర్ట్జ్ (సెకనుకు వెయ్యి కంపనాలు) శ్రుతి వరకే లెక్క కుదురుతుంది. మన 12 మీటర్ల వేదికకు డెబ్బై స్పీకర్లు! 1970లలో మైకేల్ గెర్జన్ పెంచి పోషించిన అంబిసోనిక్స్ మరో దారి, శ్రోత చుట్టూ ఉండే శబ్దాన్ని గణితంతో పట్టి చుట్టూ ఉన్న స్పీకర్లతో మళ్లీ పుట్టించడం. ఆ గణితం అందమైనదే. దాని తొలి అంచెలో 1000 హెర్ట్జ్ దగ్గర శబ్ద క్షేత్రం కచ్చితంగా నిలిచే చోటు చూస్తే కేంద్రం నుంచి అయిదారు సెంటీమీటర్లు. ఒక తలకాయ కూడా పట్టదు. ప్రయోగశాలకు మంచిదే, పద్యనాటకానికి నేను వాడను.

ఇక ప్రేక్షకుల చుట్టూ శబ్దం. మైపాడు తీరంలో జరిగే సన్నివేశానికి నాలుగు మూలలా నాలుగు బాక్సులు పెట్టి, నాలుగింటికీ ఒకే అలల రికార్డింగు ఇచ్చారనుకోండి. ఎవరికి దగ్గరున్న మూలలోనే వారికి సముద్రం ఇరుక్కుపోతుంది. నాలుగు వేర్వేరు చోట్ల తీసిన అలలను నాలుగింటికీ విడివిడిగా ఇవ్వండి. ఏ రెండూ ఒకదానికొకటి నకలు కావు కనుక చెవి ఎవరినీ మొదటివారుగా ఎంచలేదు, హోరు చుట్టూ పరుచుకుంటుంది. ఎత్తు కూడా చూసుకోవాలి. కూర్చున్నవారి చెవికి మీటరు పైన బాక్సు ఉంటే, మీటరు పక్కనున్న కుర్చీకీ 15 మీటర్ల అవతలి కుర్చీకీ 20 డెసిబెల్‌ల తేడా. నాలుగు మీటర్లు పైకెత్తితే అదే పదకొండు పన్నెండుకు దిగుతుంది. కొత్త యాంప్లిఫయర్ కన్నా పొడవాటి నిచ్చెన మేలు.

కదిలే శబ్దాలను సన్నగా నడిపించే ప్రయత్నం మానండి. ఒంగోలు ఎడ్ల బండి హాలు చుట్టూ తిరగాలంటే బాక్సు నుంచి బాక్సుకు పెద్ద అంగలతో మార్చండి. వేగం ఒక్కొక్కరికి ఒక్కోలా తోచినా వరుస అందరికీ ఒకటే. చక్రాల మంద్రమైన శబ్దాన్ని అంతగా నమ్ముకోవద్దు, దాని దిక్కు చెవికి సరిగా దొరకదు. గజ్జెల మోత దొరుకుతుంది.

చివరగా చట్టం. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట మైకు కూడదు, ప్రత్యేక సడలింపు ఉంటే తప్ప. మిగతా వేళల్లోనూ ప్రాంగణం హద్దు దగ్గర ఆ ప్రాంతపు పరిమితికి పైన 10 డెసిబెల్‌లు లేదా మొత్తం 75, రెండింటిలో ఏది తక్కువైతే అదే మీ హద్దు. వేదిక దగ్గర రెండు కొండలంత బాక్సులు పెట్టి వెనుకవారికి చేర్చాలంటే ఈ హద్దులో ఇమడటం కష్టం. జనం మధ్యలో, తలకు మించిన ఎత్తులో, డిలే సరిచేసిన పది చిన్న బాక్సులు సులువుగా ఇముడుతాయి. అద్దె ఎంతవుతుందో ఇక్కడున్న మైకుసెట్ల వారే చెప్పాలి. ప్రశ్నలుంటే అడగండి, వెనుక వరుసల వారికి ముందు అవకాశం.