కథకు కూర్చున్నప్పుడే పిలవండి

(మహబూబ్‌నగర్‌లో యువ రచయితల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. క్రియేటివ్ కన్సల్టెంట్ అంటే ఏం పనో మా అమ్మకు ఇప్పటికీ అర్థం కాలేదు. "సీరియల్ వాళ్లకు మన ముచ్చట్లు చెప్తనమ్మా" అంటే, "దానికి పైసలిస్తరా?" అంది. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

పేరు కొత్తది గానీ పని పాతదే. టైటిల్స్‌లో 'కథా సహకారం', 'కథా చర్చలు' అని గబగబా వెళ్లిపోయే పేర్లు చూసే ఉంటారు. రాసింది చదివి, కథ ఎక్కడ నిలవడం లేదో చెప్పడం వాళ్ల పని. ఒక్కోసారి సీన్లు కూడా రాసిస్తారు, అది వేరే గొడవ.

నాకు మొదట దొరికింది యాస దిద్దే పని. ఒక సీరియల్ వాళ్లు నలభై పేజీలు పంపి "పాలమూరు స్లాంగ్‌లోకి మార్చండి" అన్నారు. కథేమిటంటే, మన కూలీ ఒకడు ఆషాఢంలో ముంబై పోతాడు. పెళ్లాం ఊళ్లో ఒంటరిగా ఉంటుంది. అప్పిచ్చినవాడు వేధిస్తాడు. మీరు అప్పుడే నవ్వుతున్నారు! మామూలుగా వానలు పడేసరికి వలస పోయినవాళ్లు తిరిగొచ్చి సేద్యం చూసుకుంటారు. పోయేది దసరా, దీపావళి దాటాక. కూలీలను పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీ అడ్వాన్స్ ఇచ్చేది కూడా చాలాసార్లు జోడీకే, ఆలుమగలు కలిసే బస్సెక్కుతారు. ఇంట్లో మిగిలేది ముసలమ్మ, బడికి పోయే పిల్లలు. విలన్ తలుపు కొడితే తీసేది అవ్వ! 'పోతున్నాను'ను 'పోతున్న' చేసినంత మాత్రాన ఈ కథ నిలుస్తుందా?

అవ్వ మీదే కథ నడపమన్నాను. అడ్వాన్స్ తీరకముందే కొడుకు పని వదిలేసి పారిపోతే, మేస్త్రీ వచ్చి కూర్చునేది ఆమె గడపలోనే కదా. వాళ్లకు నచ్చింది. కానీ అప్పటికే సెట్ వేసేశారు, హీరోయిన్ డేట్లు తీసుకున్నారు. యాస మాత్రం వాడుకున్నారు. నా పేరు వేయలేదు, రెండో చెక్కు నేటికీ రాలేదు. అమ్మ ప్రశ్నకు జవాబు అదే.

యాసైనా ఒక్కటా? నారాయణపేట దిక్కు కన్నడం కలుస్తుంది, అలంపూర్ మాటలో కర్నూలు వినిపిస్తుంది. ప్రతి మాటకూ 'గ' తగిలిస్తే తెలంగాణ అయిపోదు.

తెలిసినవాళ్ల చేతిలో పెడితే ఎలా ఉంటుందో బి. నర్సింగరావు 'దాసి' చూడండి. 1988 నాటి సినిమా, గడీ కథ, అంటే దొర ఉండే కోటలాంటి ఇంటి కథ. దుస్తులు చూసుకున్నది మిర్యాలగూడ మనిషి పిట్టంపల్లి సుదర్శన్. జాతీయ అవార్డు వచ్చింది, 'దాసి' సుదర్శన్ అన్నదే ఆయన పేరైపోయింది.

పేరు దక్కని గొడవ మనకే కాదు. 1972 నాటి హాలీవుడ్ సినిమా 'గాడ్‌ఫాదర్'లో తండ్రీకొడుకులు తోటలో మాట్లాడుకునే సీన్ రాసింది రాబర్ట్ టౌన్. టైటిల్స్‌లో ఆయన పేరు లేదు. స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ అందుకుంటూ దర్శకుడు కొప్పొలా వేదిక మీదే ఆయనకు కృతజ్ఞత చెప్పాడు. మనకు అంత అదృష్టం ఉండదు కాబట్టి, ఫోన్‌లో చెప్పేది తగ్గించి మెయిల్‌లో రాసి పంపండి. కాపీరైట్ చట్టం కాపాడేది రాసిన రూపాన్నే, ఆలోచనను కాదు. సిట్టింగ్‌లో చాయ్ తాగుతూ చెప్పిన ఐడియా గాలికి పోయినట్టే.

పోయిన నెల ఇంకొకరు ఫోన్ చేశారు. నల్గొండ జిల్లా మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ నీళ్ల మీద వెబ్ సిరీస్ అట, డైలాగులు చూడమన్నారు. కథ ఎంతవరకు వచ్చిందని అడిగాను. ఇంకా ఒక్క లైనే ఉందన్నారు. అగ్రిమెంట్ పంపమన్నాను. రాగానే పోతాను.