తలుపు మీద నోటీసు చూసి భయపడే ముందు

శ్రోతలకు నమస్కారం.

అమెరికాలో అద్దె బాకీ పడితే ఇంటి ఓనరు నుంచి ఒక కాగితం వస్తుంది. చేతికిస్తారు, లేదంటే తలుపుకు అంటించి పోతారు. కాలిఫోర్నియాలో అయితే మూడు రోజుల్లో బాకీ కట్టు, లేకపోతే ఖాళీ చెయ్యి అని ఉంటుంది. న్యూయార్క్‌లో ఆ గడువు 14 రోజులు. గడువు తీరిన మర్నాడే పోలీసులు వచ్చి సామాను వీధిలో పడేస్తారని చాలామంది అనుకుంటారు. కొందరు ఆ టెన్షన్‌లో రాత్రికి రాత్రే సర్దుకుని చుట్టాలింటికి వెళ్లిపోతారు.

ఆ కాగితంతో ఇల్లు పోదు. గడువు దాటాక ఓనరు కోర్టులో కేసు వెయ్యాలి, గెలవాలి. ఆ తర్వాత కూడా ఖాళీ చేయించాల్సింది షెరీఫో, మార్షలో, అలా కోర్టు ఉత్తర్వు అమలు చేసే అధికారే. ఓనరు తనంతట తాను తాళం మార్చేయడం, కరెంటు తీసేయడం దాదాపు ఏ రాష్ట్రంలోనూ కుదరదు.

ఈ మాట నోటీసు అందుకున్న మనిషికి మొదటగా చెప్పేది చాలాసార్లు లాయరు కాదు, పారాలీగల్, అంటే లాయరు కింద పనిచేసే సహాయకులు. పేదలకు ఉచితంగా న్యాయ సహాయం చేసే ఆఫీసుల్లో లాయర్ల పక్కన కూర్చుని ఫోన్లు ఎత్తేవాళ్లం, కాగితాలు సర్దేవాళ్లం మేమే.

మరి ప్రభుత్వమే లాయరును ఇవ్వదా అని మీకు సందేహం రావచ్చు. జైలు శిక్ష పడే క్రిమినల్ కేసుల్లో ఇస్తుంది. 1963లో గిడియన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల వచ్చిన హక్కు అది. ఇంటి కేసు సివిల్ కేసు కాబట్టి ఆ హక్కు ఇక్కడికి రాదు. లీగల్ సర్వీసెస్ కార్పొరేషన్ అని 1974లో ఫెడరల్ ప్రభుత్వం ఒక సంస్థ పెట్టింది. అది దేశమంతా ఉచిత న్యాయ సహాయ ఆఫీసులకు నిధులు ఇస్తుంది. కానీ ఆ నిధులతో సహాయం అందాలంటే ఆదాయం మామూలుగా ప్రభుత్వ పేదరిక ప్రమాణానికి 125 శాతం లోపు ఉండాలి. అలాంటివాళ్లు అంతమంది ఉంటే, ఉన్న లాయర్లు ఎంతమందికని సరిపోతారు? ఇల్లు ఖాళీ చేయించే కేసుల్లో పేదవాళ్లకు లాయరును ఇవ్వాలని మొదట చట్టం చేసిన నగరం న్యూయార్క్, 2017లో. 2021లో వాషింగ్టన్, మేరీలాండ్, కనెక్టికట్ రాష్ట్రాలు అదే బాట పట్టాయి. మిగతా చాలాచోట్ల ఓనరు లాయరుతో వస్తాడు, అద్దెకున్న మనిషి ఒంటరిగా వస్తాడు. అసలు రాకుండా పోయేవాళ్లూ ఎక్కువే.

ఫోన్ రాగానే మేము అడిగే మొదటి ప్రశ్న వినేవాళ్లకు వింతగా ఉంటుంది. "మీ ఓనరు పేరేంటి?" అంటాం. అవతల గొంతు టక్కున ఆగిపోతుంది. "ఎందుకండీ, ఆయనకు చెబుతారా?" అని అడిగినవాళ్లున్నారు. సంగతేమిటంటే, అదే ఓనరు మరో వ్యవహారంలో మా ఆఫీసుకే క్లయింటు అయి ఉంటే, ఈ మనిషి కథ మేము వినకూడదు. రెండు వైపులా నిలబడటం లాయర్ల నియమాలకు విరుద్ధం. అందుకని కథ వినేముందే పేరు వెతికి చూసుకుంటాం.

ఆ తర్వాత కథ మొదలవుతుంది. ఎప్పుడూ నోటీసు దగ్గర మొదలుకాదు. ఓనరు కొడుకు ఎంత దురుసుగా మాట్లాడాడో, పై ఇంటివాళ్లు రాత్రిళ్లు ఎంత గోల చేస్తారో, అక్కడి నుంచి మొదలవుతుంది. నాకేమో తారీఖులు కావాలి. నోటీసు ఎప్పుడొచ్చింది, సమన్లు అందాయా, వాయిదా ఎప్పుడు? కొత్తగా ఈ పనిలో చేరినవాళ్లు "అవన్నీ వద్దులెండి, తారీఖు చెప్పండి" అని మధ్యలో కోసేస్తారు. అలా కోయకూడదని నా అభిప్రాయం. తారీఖులు ముందు రాసుకోవాలి, నిజమే. కానీ కేసును నిలబెట్టే మాట తరచుగా ఆ సోదిలోనే దొరుకుతుంది. చలికాలమంతా హీటరు పనిచేయలేదని మాటల మధ్యలో అనేస్తారు. ఇల్లు నివాసయోగ్యంగా ఉంచడానికీ, అద్దె కట్టడానికీ చట్టం ముడిపెట్టిందని వాళ్లకు తెలియదు. 1970లో వాషింగ్టన్ డీసీలో వచ్చిన జావిన్స్ తీర్పు తర్వాత ఈ సూత్రం చాలా రాష్ట్రాలకు పాకింది. ఇంకొకరు నగరపాలక సంస్థకు ఫిర్యాదు చేశామని, ఆ వెంటనే ఈ నోటీసు వచ్చిందని చెబుతారు. అది కక్షసాధింపు కావచ్చు. సెక్షన్ 8 అనే ప్రభుత్వ అద్దె సహాయం మీద ఉన్నవాళ్లు మరో సంగతి చెబుతారు. ప్రభుత్వం నిర్ణయించిన వాటా కాకుండా ఓనరు ప్రతి నెలా చేతిలో మరికొంత పెట్టమంటాడట. అది మామూలే అనుకుని కడుతూ పోతారు. ఆ పథకంలో అలా పైన వసూలు చేయడం నిషిద్ధం. బాకీ లెక్కంతా ఆ ఒక్క మాటతో మారిపోవచ్చు.

ఇక కాగితాలు. ప్లాస్టిక్ సంచీ నిండా తెస్తారు. లీజు, మనీ ఆర్డరు రసీదులు, ఫోన్లో మెసేజీలు, బూజు పట్టిన గోడ ఫొటోలు. వాటిని తారీఖు వరసన పేర్చి, ఓనరు ఇచ్చిన అద్దె ఖాతాతో ఒక్కో నెలా సరిచూడటం నా పని. విసుగు పుట్టించే పనే, కానీ నాకిష్టం. కట్టిన అద్దె జమ కాకపోవడం, లేటు ఫీజు మీద లేటు ఫీజు పడటం, రిపేరు ఖర్చును అద్దెలో కలిపెయ్యడం, ఇలాంటివన్నీ ఇక్కడే బయటపడతాయి. కాలిఫోర్నియాలో ఇంటి అద్దె నోటీసులో అసలు బాకీకన్నా ఎక్కువ అడిగితే, ఆ నోటీసే చెల్లదని కోర్టులో వాదించవచ్చు. అంటే లాయరు వాదనకు పునాది నేను వేసిన కూడికలూ తీసివేతలే.

సమన్లు అందాక గడువు మరీ తక్కువ. అదే కాలిఫోర్నియాలో జవాబు దాఖలు చేయడానికి గతంలో ఐదు పనిరోజులే ఉండేది. 2025 జనవరి నుంచి పది చేశారు. ఆ లోపు జవాబు పడకపోతే ఓనరు అడిగిన తీర్పు వచ్చేస్తుంది, అద్దెకున్న మనిషి మాట వినకుండానే. ఎంత బలమైన కేసు ఉన్నా అప్పుడు చాలా ఇబ్బంది. పైగా ఆ కేసు అద్దెదారుల చరిత్ర చూసే కంపెనీల రిపోర్టుల్లో ఏడేళ్ల దాకా కనిపించవచ్చు. తర్వాత ఇల్లిచ్చే ఓనరు దాన్ని చూసే వద్దంటాడు. కోర్టు ఫీజు కట్టలేమని జవాబు వేయకుండా ఊరుకునేవాళ్లు కూడా ఉంటారు. ఆ ఫీజు మాఫీకి వేరే ఫారం ఉంది, దాన్ని నింపించేది మేమే.

ఇంత చేసినా మేము గీత దాటకూడని చోటు ఒకటుంది. కోర్టు వరండాలో ఓనరు లాయరు ఒక ఒప్పందం కాగితం చేతిలో పెడతాడు. నెలలోపు ఖాళీ చేస్తే కేసు తీసేస్తాం అని ఉండొచ్చు. లేదా బాకీ వాయిదాల్లో కట్టు, ఒక్కటి తప్పినా మళ్లీ విచారణ లేకుండా ఖాళీ చేయాలి అని ఉండొచ్చు. అందులో ఏం రాసుందో నేను చదివి చెప్పగలను. "నన్నేం చేయమంటారు? ఉండనా, వెళ్లిపోనా?" అంటే మాత్రం "లాయరుగారిని అడిగి చెబుతాను" అనాలి. న్యాయ సలహా ఇవ్వడం లాయరుకే ఉన్న అధికారం. ఈ జవాబు విని కొందరు కోప్పడతారు. ఇన్నాళ్లూ నాతో మాట్లాడి, అసలు ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి తప్పుకుంటావా అన్నట్టు చూస్తారు. వాళ్ల తప్పు లేదు. యూటా రాష్ట్రంలో లైసెన్సు పొందిన పారాలీగల్ ప్రాక్టీషనరుకు అద్దె తగాదాల్లో సలహా ఇచ్చే అధికారం కల్పించారు. లాయర్లు దొరకని చోట ఇది మంచి పద్ధతేనని నాకనిపిస్తుంది, శిక్షణ గట్టిగా ఉంటే.

చివరిగా గెలుపు గురించి. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది నిజంగానే అద్దె బాకీ ఉంటారు. ఉద్యోగం పోయింది, జబ్బు చేసింది. అలాంటి కేసులో ఇల్లు నిలబడితే అద్భుతమే. నిలబడకపోయినా, ఇల్లు వెతుక్కోవడానికి మరో నెల గడువు దొరకడం, పిల్లల బడి సంవత్సరం మధ్యలో తెగకపోవడం, కేసు రికార్డు బయటివాళ్లకు కనిపించకుండా సీలు చేయించగలగడం, ఇవన్నీ మా ఆఫీసు లెక్కలో గెలుపులే. లాయరుగారు ఇవి సాధించగలిగేది గడువు దాటని ఫైలు చేతిలో ఉంటేనే. అందుకే ఆ నోటీసు వచ్చిన రోజే ఫోన్ చెయ్యమంటాం. ఎక్కడికి చెయ్యాలో తెలియకపోతే, అమెరికాలో చాలాచోట్ల 211 నంబరుకు చేస్తే దగ్గర్లో ఉన్న న్యాయ సహాయ ఆఫీసు వివరాలు చెబుతారు.

నమస్కారం.