పింగ్యావ్‌కి స్లో ట్రైన్‌లో: గోడ లోపల మిగిలిపోయిన చైనా ఊరు

[విజువల్: రైలు కిటికీలోంచి తెల్లవారుజాము, మొక్కజొన్న చేలు, దూరంగా బూడిద రంగు కోట గోడ]

టికెట్ బుక్ చేసే ముందు ఒక్క విషయం వినండి. చైనాలో పింగ్యావ్ అనే ఊరికి రెండు స్టేషన్లు ఉన్నాయి, ఒకటి ఒట్టి 'పింగ్యావ్', రెండోది 'పింగ్యావ్ గూచెంగ్'. గూచెంగ్ అంటే పాత పట్నం అని అర్థం, కాబట్టి పాత ఊరు చూడాలనుకునే వాళ్లు సహజంగా దాన్నే నొక్కేస్తారు. కానీ పాత ఊరికి దగ్గరగా ఉన్న స్టేషన్ అది కాదు. గూచెంగ్ అనేది 2014లో వచ్చిన హైస్పీడ్ స్టేషన్, ఊరికి కొన్ని కిలోమీటర్ల బయట ఉంటుంది, అక్కడి నుంచి బస్సో ట్యాక్సీనో పట్టుకోవాలి. ఒట్టి 'పింగ్యావ్' స్టేషన్‌లో దిగితే బ్యాగు భుజాన వేసుకుని ఓ పదిహేను, ఇరవై నిమిషాలు నడిస్తే చాలు, గోడ కనిపిస్తుంది.

ఈ వీడియోలో నేను మీకు చెప్పేది ఈ ఒట్టి 'పింగ్యావ్' స్టేషన్ దారి గురించే. స్లో ట్రైన్, స్లీపర్ బెర్త్, పాత స్టేషన్, ఒకటో రెండో రాత్రులు గోడ లోపలే మకాం.

[విజువల్: మ్యాప్. బీజింగ్, తైయువాన్, పింగ్యావ్, షియాన్]

ముందు ఊరెక్కడుందో చూద్దాం. పింగ్యావ్ ఉత్తర చైనాలో షాన్షీ రాష్ట్రంలో ఉంది, ఆ రాష్ట్ర రాజధాని తైయువాన్‌కి దక్షిణంగా సుమారు వంద కిలోమీటర్లు. మట్టి సైనికుల బొమ్మలున్న షియాన్ నగరం పక్క రాష్ట్రంలో ఉంది, ఆ రాష్ట్రం పేరు కూడా మన చెవికి షాన్షీ లాగే వినిపిస్తుంది, మ్యాప్‌లో వెతికేటప్పుడు జాగ్రత్త. హైస్పీడ్ రైల్లో అయితే షియాన్ నుంచి మూడు గంటలు, బీజింగ్ నుంచి నాలుగు గంటలు అటూ ఇటూగా పడుతుంది. స్లో ట్రైన్‌లో అయితే ఒక రాత్రి పోతుంది, కానీ ఒక రాత్రి హోటల్ ఖర్చు కూడా మిగులుతుంది కదా.

ఆ రైలు వెళ్లే లైనుకి కూడా ఒక కథ ఉంది. 1930లలో షాన్షీని ఏలిన యుద్ధ నాయకుడు యాన్ షీషాన్ వేయించిన లైను అది. చైనాలో మిగతా చోట్ల పట్టాల మధ్య వెడల్పు ఒక కొలత అయితే, ఈయన తన రాష్ట్రంలో ఒక మీటరు వెడల్పుతో, అంటే మనం మీటర్ గేజ్ అనేదే, వేయించాడు. తర్వాత 1950లలో దాన్ని మిగతా దేశంతో కలిసేలా మార్చారు. గుంటూరు, నంద్యాల వైపు మీటర్ గేజ్ రైళ్లు ఎక్కి పెరిగిన వాళ్లకి ఈ ముక్క చెబితే వెంటనే అర్థమవుతుంది.

[విజువల్: ఫోన్ స్క్రీన్, టికెట్ బుకింగ్]

టికెట్ సంగతి. చైనా రైల్వే వాళ్ల సొంత వెబ్‌సైట్, యాప్ పేరు 12306, ఇంగ్లీషులో కూడా పనిచేస్తుంది. ప్రయాణానికి 15 రోజుల ముందు బుకింగ్ తెరుస్తారు. పేరు మాత్రం పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో అక్షరం పొల్లు పోకుండా అలాగే కొట్టండి. మన వాళ్లకి ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా ఉండే అలవాటు కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను. అక్కడ మీ పాస్‌పోర్టే మీ టికెట్, కాగితం ముక్క అక్కర్లేదు. మెషిన్ గేటు మన పాస్‌పోర్ట్ తీసుకోకపోతే పక్కనే సిబ్బంది ఉండే గేటు ఉంటుంది, అక్కడ చూపిస్తే సరిపోతుంది.

స్టేషన్‌కి ఎప్పుడు వెళ్లాలి? మన దగ్గర రైలు కదులుతుంటే పరిగెత్తి ఎక్కేవాళ్లని చూస్తాం. అక్కడ కుదరదు. లోపలికి వెళ్లేటప్పుడే బ్యాగులన్నీ స్కాన్ చేస్తారు, ప్లాట్‌ఫామ్ మీదకి రైలు టైమ్ దగ్గర పడ్డాకే వదులుతారు, బయల్దేరడానికి కొన్ని నిమిషాల ముందే గేటు మూసేస్తారు. గంట ముందు ఉంటే టెన్షన్ ఉండదు.

[విజువల్: స్లీపర్ పెట్టె లోపల, మూడు అంతస్తుల బెర్తులు]

ఇప్పుడు పెట్టె లోపలికి వద్దాం. మన స్లీపర్ క్లాసుకి దగ్గరగా ఉండేదాన్ని వాళ్లు 'యింగ్ వో' అంటారు, అంటే గట్టి పడక అని, కానీ పరుపు ఉంటుంది, దిండు, దుప్పటి కూడా వాళ్లే ఇస్తారు. ఒక వరసలో మూడు బెర్తులు, ఎదురుగా మూడు, మన లాగే. తేడా ఏంటంటే సైడ్ బెర్తులు లేవు, వాటి చోట నడవలో కిటికీ పక్కన మడత కుర్చీలు, చిన్న బల్లలు ఉంటాయి. ఇంకో తేడా, మిడిల్ బెర్త్ పగలు మడిచేది కాదు, అందుకే పగటిపూట అందరూ కింద బెర్త్ మీదే చేరతారు. కింది బెర్త్‌కి రేటు ఎక్కువ, పైకి వెళ్లేకొద్దీ తక్కువ. నేనైతే మిడిల్ బెర్త్ తీసుకోమంటాను, ఎందుకంటే పై బెర్త్‌లో కూర్చుంటే తల పైకప్పుకి తగులుతుంది, కింది బెర్త్ మీద మీకు నిద్ర వచ్చినా పక్కవాళ్లు కబుర్లు చెప్పుకుంటూ కూర్చుని ఉంటారు.

ప్రతి పెట్టెలో మరిగే నీళ్ల కుళాయి ఉంటుంది. చైనా రైలు ప్రయాణంలో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. అందరి చేతిలో ఒక ఫ్లాస్కు, దాంట్లో టీ ఆకులు, నీళ్లు పోసుకుంటూ తాగుతూ ఉంటారు, నూడుల్స్ డబ్బాలో అవే నీళ్లు పోసి మూత పెట్టి కూర్చుంటారు. మీరు ఉప్మా ప్యాకెట్లు, పులిహోర పొడి, ఒక స్టీలు గ్లాసు పట్టుకెళ్లండి, నా మాట మీద నమ్మకం ఉంచండి. రాత్రి పదికి లైట్లు ఆర్పేస్తారు. ఆ తర్వాత ఎవరూ గట్టిగా మాట్లాడరు.

ఒక హెచ్చరిక. 'వూ జ్వో' అని ఒక టికెట్ దొరుకుతుంది, అంటే సీటు లేని టికెట్, ధర మాత్రం మామూలు సీటు టికెట్ ధరే. తైయువాన్ నుంచి పింగ్యావ్ అయితే పర్వాలేదు, రాత్రి ప్రయాణానికి మాత్రం వద్దు.

[విజువల్: కోట గోడ, డ్రోన్ షాట్]

ఇప్పుడు ఊరు. చూస్తున్న ఈ గోడని మింగ్ వంశం కాలంలో, 1370లో కట్టారు. లోపల దట్టించిన మట్టి, బయట ఇటుక. చుట్టుకొలత ఆరు కిలోమీటర్ల పైనే. మూడు వైపులా తాడు పట్టి గీసినట్టు తిన్నగా ఉంటుంది, దక్షిణం వైపు మాత్రం అప్పటి వాగు ఎలా వంకర్లు తిరిగిందో గోడ కూడా అలాగే తిరుగుతుంది. గోడ మీద 72 బురుజు గదులు, పిట్టగోడలో 3,000 సందులు, అవి కన్ఫ్యూషియస్ గారి 72 మంది ముఖ్య శిష్యులకీ, 3,000 మంది విద్యార్థులకీ గుర్తు అంటారు.

స్థానికులు ఈ ఊరిని తాబేలు ఊరు అని పిలుచుకుంటారు. ఆరు ద్వారాలు. దక్షిణ ద్వారం తల, ఉత్తర ద్వారం తోక, తూర్పున రెండు, పడమర రెండు కాళ్లు. తాబేలు లేచి వెళ్లిపోకుండా వెనక కాలుని ఊరి బయట ఉన్న ఒక గోపురానికి తాడుతో కట్టారని కథ కూడా చెబుతారు. ఎందుకు కట్టారా అంటే, ఊళ్లో డబ్బుంది మరి, పోనిస్తారా!

ఆ డబ్బు ఎక్కడిదో చెప్తాను, ఈ వీడియోలో నేను ఎక్కువసేపు ఆగేది ఇక్కడే.

[విజువల్: పడమటి వీధి, రిషెంగ్‌చాంగ్ లోగిలి, చెక్క గల్లాపెట్టె]

1800ల మొదట్లో పింగ్యావ్‌లో ఒక రంగుల వ్యాపారం ఉండేది, దానికి బీజింగ్ లాంటి దూరపు ఊళ్లలో దుకాణాలు ఉండేవి. ఆ రోజుల్లో డబ్బంటే వెండి ముద్దలు. బీజింగ్‌లో వచ్చిన వెండి పింగ్యావ్‌కి చేరాలంటే బండ్లకెత్తి, కత్తులు పట్టిన మనుషుల్ని కూలికి పెట్టుకుని, దొంగల భయంతో కొండ దారుల్లో రావాలి. ఆ దుకాణం మేనేజర్ లేయ్ లూతాయ్‌కి ఒక ఆలోచన వచ్చింది. బీజింగ్‌లో ఒకడి దగ్గర వెండి తీసుకుని చీటీ రాసిస్తే, ఆ చీటీ పింగ్యావ్‌లో చూపించి అంతే వెండి తీసుకోవచ్చు కదా, వెండి కదలక్కర్లేదు. ఇలా 1823లో రంగుల దుకాణం కాస్తా రిషెంగ్‌చాంగ్ అనే చీటీల బ్యాంకు అయింది, చైనాలో ఆ తరహా బ్యాంకుల్లో మొదటిది. మన దేశంలో షావుకార్లు నడిపిన హుండీ తెలిసిన వాళ్లకి ఇది కొత్తగా అనిపించదు, పద్ధతి దాదాపు అదే.

దొంగ చీటీలు రాకుండా ఏం చేశారో వినండి. కాగితంలో నీటి ముద్ర, అంటే వాటర్‌మార్క్. చీటీ రాసేది నియమించిన మనిషే, అతని చేతిరాత అన్ని శాఖల వాళ్లకీ తెలుసు. తేదీని అంకెల్లో రాయరు. పన్నెండు నెలలకి పన్నెండు అక్షరాలు, ఆ అక్షరాలు వరసగా చదివితే 'దొంగ చీటీలతో జాగ్రత్త, రాతనీ ముద్రనీ నిదానంగా చూడ్డం మరిచిపోవద్దు' అనే అర్థం వచ్చే వాక్యం. రోజులకీ, డబ్బు మొత్తానికీ కూడా ఇలాగే వేరే అక్షరాలు. కొన్నాళ్లకోసారి ఈ గుర్తులన్నీ మార్చేసేవాళ్లు. గుమాస్తాలు వీటిని నోటికి నేర్చుకోవాలి. రిషెంగ్‌చాంగ్ ఉన్న లోగిలి ఇప్పుడు మ్యూజియం, ఆ గదుల్లో నిలబడి ఈ సంగతి తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరించింది.

దాన్ని చూసి ఇలాంటి బ్యాంకులు ఊళ్లో చాలా పుట్టుకొచ్చాయి, దేశం నలుమూలలా శాఖలు తెరిచాయి, చివరికి అప్పట్లో చైనాని ఏలిన చింగ్ వంశం ప్రభుత్వం డబ్బు కూడా వీళ్ల చీటీల మీదే నడిచింది. 1911 విప్లవంలో ఆ ప్రభుత్వం పడిపోయింది, అప్పులు మునిగాయి, అప్పటికే కొత్త తరహా బ్యాంకులు వచ్చేశాయి. 1914లో రిషెంగ్‌చాంగ్ దివాలా తీసింది. ఊరు పేదదైపోయింది. పాత ఇల్లు కూల్చి మేడ కట్టుకునే స్తోమత ఎవరికీ లేక ఇళ్లూ గోడా అలాగే ఉండిపోయాయి. చైనాలో మిగతా నగరాలు వాటి గోడలు కూల్చేసుకుంటున్న కాలంలో పింగ్యావ్ గోడ నిలబడడానికి పెద్ద కారణం ఇదే.

చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజులు వచ్చాక 1980ల మొదట్లో ఇక్కడ కూడా వెడల్పాటి రోడ్లు వేద్దామని కొన్ని ఇళ్లు కూల్చడం మొదలుపెట్టారు. షాంఘైలోని తోంగ్జీ యూనివర్సిటీ ప్రొఫెసర్ రువాన్ యీసాన్ గారు అప్పుడు అడ్డుపడ్డారు, తన విద్యార్థులతో వచ్చి, పాత ఊరిని ముట్టుకోకుండా కొత్త ఊరిని గోడ బయట కట్టుకునేలా ప్లాన్ గీసి ఒప్పించారు. 1997లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అయినా గోడ మట్టిదే, 2021 అక్టోబరులో రోజుల తరబడి కురిసిన వానలకి ఒకచోట కూలింది కూడా, తర్వాత బాగు చేశారు.

[విజువల్: లోగిలి గది, ఇటుక అరుగు, ఎర్ర లాంతర్లు]

బస గోడ లోపల పాత లోగిలి ఇళ్లలో తీసుకోండి. మన కోనసీమ మండువా ఇల్లు గుర్తుందా, వాన నీళ్లు లోపలి వాకిట్లోకే పడతాయి. ఇక్కడా చాలా పైకప్పులు లోపలికే వాలి ఉంటాయి, నీళ్లంటే సంపద, బయటికి పోకూడదని నమ్మకం. గదిలో సగం దాకా ఇటుకలతో కట్టిన అరుగు ఉంటుంది, దాన్ని కాంగ్ అంటారు, పాత రోజుల్లో కింద మంట పెట్టి వెచ్చబరిచి దాని మీదే పడుకునేవాళ్లు.

శాకాహారులకి కొంచెం కష్టమే, ఈ ఊరికి గొడ్డు మాంసం బాగా పేరు. కానీ షాన్షీ అంటే నూడుల్స్ రాజ్యం. పిండి ముద్దని భుజానికి ఆనించి మరిగే నీళ్లలోకి కత్తితో చెక్కేస్తారు, అది చూడ్డానికే వెళ్లొచ్చు. ఓట్స్ పిండిని గొట్టాల్లా చుట్టి తేనెపట్టులా పేర్చి ఆవిరి మీద ఉడికించేవి కూడా అడగండి. 'వో ఛీ సూ' అంటే నేను శాకాహారిని అని, రాసి పెట్టుకుని చూపించండి, పులుసు దేనితో కాచారో మళ్లీ అడగండి. బల్ల మీద నల్లటి వెనిగర్ ఉంటుంది, అది ముఖ్యంగా జొన్నల నుంచి చేసింది, వేసుకోకుండా లేవకండి.

డబ్బులకి అలీపే యాప్‌లో మీ ఇంటర్నేషనల్ కార్డు ఇక్కడే జత చేసుకోండి. గూగుల్, వాట్సాప్ అక్కడి నెట్‌లో రావు, మీ సిమ్‌కి రోమింగ్ వేయించుకుంటే వస్తాయి. అక్టోబరు మొదటి వారం, చైనా కొత్త సంవత్సరం సెలవులు, ఈ రెండూ వదిలేయండి, వీధుల్లో కాలు పెట్టే చోటు ఉండదు. ఊళ్లో తిరగడం ఉచితం, గోడ ఎక్కడానికీ మ్యూజియంలకీ కలిపి ఒకే టికెట్, సుమారు 125 యువాన్లు. పగలంతా గుంపులు గుంపులుగా జనం, దుకాణాల మైకులు, చాలా మంది ఆ రద్దీ చూసి నిరుత్సాహపడి సాయంత్రం రైలుకే వెళ్లిపోతారు. మీరు ఉండండి. పొద్దున్నే ఏడింటికి పక్క సందుల్లోకి వెళ్తే బొగ్గు వాసన, సైకిలు మీద కూరలు తెచ్చుకునే ముసలాయన, తలుపు ముందు ఊడ్చుకునే ఆవిడ, ఇంకా మనుషులు బతుకుతున్న ఊరు కనిపిస్తుంది.

[విజువల్: షువాంగ్‌లిన్ గుడి, రంగుల మట్టి బొమ్మలు]

రెండో రోజు సైకిల్ అద్దెకి తీసుకుని షువాంగ్‌లిన్ గుడికి వెళ్లండి, ఆరు కిలోమీటర్లే. రెండు వేలకి పైగా రంగుల మట్టి బొమ్మలు, దేవతలూ, భటులూ, భక్తులూ, ఒక్కో ముఖం ఒక్కోలా. హాళ్లలో వెలుతురు తక్కువ, ఫ్లాష్ వేయొద్దు, కళ్లు అలవాటు పడేదాకా రెండు నిమిషాలు ఊరికే నిలబడండి. తిరుగు రైలు టికెట్ మాత్రం ముందే తీసుకుని ఉండండి, స్టేషన్ పేరు ఒట్టి 'పింగ్యావ్' అనే ఉందా అని ఇంకోసారి చూసుకోండి.