‘వేట్టయన్’ చూసి ఈల వేశామా, ఆలోచించామా?

యాంకర్: నమస్కారం. రజనీకాంత్ ‘వేట్టయన్’ 2024 అక్టోబరు 10న దసరాకి వచ్చింది. ఎన్‌కౌంటర్లని గొప్పగా చూపిస్తున్నారని విడుదలకి ముందే మద్రాసు హైకోర్టు మదురై బెంచ్‌లో పిటిషన్ పడింది, స్టే ఇవ్వలేదు. ఇక్కడేమో తెలుగులోనూ తమిళ పేరే ఉంచారని గొడవ. ముగ్గురికీ సమానంగా టైమ్ ఇస్తాను. మేడమ్, పేరు సంగతి చెప్పండి.

సినీ విమర్శకురాలు: ‘వేటగాడు’ అనే పేరు దొరకలేదని నిర్మాతలే చెప్పారు కదండీ. సినిమా చూద్దాం. టీచర్ హత్య కేసులో ఎస్పీ అయిన రజనీ ఒక పేద కుర్రాణ్ణి కాల్చేస్తాడు. హాలంతా ఈలలు. తర్వాత తెలుస్తుంది, వాడు నిర్దోషి అని. ఆ ఈలలు వేసిన...

మాజీ పోలీసు అధికారి: ఒక్క నిమిషం మేడమ్. అసలు ఈలలు ఎందుకొచ్చాయి? కేసు ఏళ్ల తరబడి సాగుతుంది, సాక్షులు ఎదురు తిరుగుతారు, ఆడపిల్ల తల్లిదండ్రులు వాయిదాలకి తిరిగి తిరిగి అలిసిపోతారు. జనం కడుపు మంట అది!

న్యాయవాది: ఆ మంటకి ఎవరు దొరికితే వాళ్లు బలి కావాలా సార్? ఈ దర్శకుడు జ్ఞానవేల్ 2021లో ‘జై భీమ్’ తీశాడు. స్టేషన్‌లో చనిపోయిన గిరిజనుడి కథ. ఇక్కడ అదే ప్రశ్న స్టార్ హీరో చేతికిచ్చాడు.

మాజీ పోలీసు అధికారి: సినిమాలో రాసుకుంటే నిర్దోషి అవుతాడు! ఫీల్డులో...

న్యాయవాది: ఫీల్డు సంగతే చెబుతున్నా. దిశ కేసు. 2019 డిసెంబరు 6, చటాన్‌పల్లి. నలుగురు నిందితులనీ కాల్చేశారు. పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ ఏమంది? కావాలనే కాల్చారంది. పదిమంది పోలీసుల మీద హత్య కేసు నడపాలంది.

మాజీ పోలీసు అధికారి: కమిషన్ ఏసీ గదిలో కూర్చుని...

న్యాయవాది: ఆ నలుగురిలో ముగ్గురు మైనర్లేనని కూడా...

మాజీ పోలీసు అధికారి: (గొంతు పెంచి) నన్ను మాట్లాడనివ్వండి! ఆ రోజు రాష్ట్రమంతా ఏం కోరుకుందో మీకు తెలీదా? ఆ అమ్మాయి తల్లిదండ్రుల ముందుకెళ్లి చెప్పండి ఈ మాట!

యాంకర్: సార్ చెప్పిందాంట్లో పాయింటుంది. సరే, పేరు దగ్గరికొద్దాం. తెలుగు ప్రేక్షకుడి టికెట్ డబ్బులు కావాలి, తెలుగు పేరు వద్దా?

విమర్శకురాలు: ఇందాక నేను చెప్పబోయింది పూర్తి చేస్తాను. ఈలలు...

మాజీ పోలీసు అధికారి: పేరు కాదండీ, రానా పాత్ర చూడండి. కోచింగ్ పేరుతో పేదల డబ్బు దోచేస్తాడు. మన ఇంటర్ కాలేజీల ఫీజులు తెలీవా?

యాంకర్: అవును, ఫీజులు చాలా పెద్ద సమస్య. అసలు...

న్యాయవాది: మళ్లీ పక్కదారి! 2014లో పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 16 మార్గదర్శకాలిచ్చింది. ఎన్‌కౌంటర్ జరిగితే ఎఫ్‌ఐఆర్ కట్టాలి. సీఐడీ గానీ వేరే స్టేషన్ బృందం గానీ విచారించాలి. కాల్పుల్లో పాల్గొన్నవాళ్లకి వెంటనే పదోన్నతులు, పతకాలు ఇవ్వకూడదు. సినిమాలో అమితాబ్ జడ్జిగా అడిగేదీ ఇదే.

మాజీ పోలీసు అధికారి: మార్గదర్శకాలు చదువుకుంటూ కూర్చుంటే దొంగ పారిపోతాడు! ఎదురు కాల్పులంటే నాకు తెలుసు. ప్రాణం మీదకొస్తే చట్టమే ఆత్మరక్షణ హక్కిచ్చింది.

న్యాయవాది: ఇచ్చింది. అది ఆత్మరక్షణేనని మీరు చెబితే సరిపోదు, విచారణలో తేలాలి.

మాజీ పోలీసు అధికారి: మళ్లీ విచారణ, మళ్లీ పదేళ్లు! నేను మొదట్నుంచీ చెబుతున్నదదే. కోర్టులు త్వరగా తేలిస్తే ఎవరూ తుపాకీ తియ్యరు.

యాంకర్: సూటిగా చెప్పారు సార్. మేడమ్, అర నిమిషం.

విమర్శకురాలు: నేనూ ఆ హాల్లోనే ఉన్నానండీ. కుర్రాణ్ణి కాల్చినప్పుడు నా పక్కన కూర్చున్నాయన లేచి ఈల వేశాడు. రెండో సగమంతా తల దించుకునే ఉన్నాడు. ఆ మనిషి గురించి మాట్లాడదామనే నేనీ చర్చకొచ్చాను...

మాజీ పోలీసు అధికారి: ఆయన బాధ కూడా మా పోలీసుల బాధే మేడమ్. చెప్తా వినండి, మా డ్యూటీలో...

యాంకర్: సార్ డ్యూటీ అనుభవం బ్రేక్ తర్వాత. ఆ పేరెందుకు మార్చలేదో కూడా అప్పుడే తేలుద్దాం.