కాటా దగ్గర పడే చెత్త బిల్లు

అందరికీ నమస్కారం. కౌన్సిలర్లు, వార్డు సచివాలయం వాళ్లు, అపార్ట్‌మెంట్ సంఘాల వాళ్లు అందరూ ఉన్నారు కాబట్టి మొహమాటం లేకుండా మాట్లాడతాను.

చెత్తకు డబ్బులు అనగానే మనకు గుర్తొచ్చేది చెత్త పన్ను. 2021 అక్టోబర్ 2న క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమం, అదే క్లాప్, మొదలైంది, ఇంటింటికీ మూడు రంగుల డబ్బాలన్నారు, ఆ వెనకే ఇంటికి నెలకు 30 నుంచి 120 రూపాయల దాకా వసూలు చేశారు. సచివాలయం సిబ్బంది గుమ్మం ముందు నిలబడి అడగడం, ఇంట్లోవాళ్లు "మా సందులోకి బండే రాదు, దేనికి కట్టాలి?" అని తగువేసుకోవడం మీరూ చూసే ఉంటారు. 2024 అక్టోబర్ 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు రద్దు ప్రకటించారు, తర్వాత చట్టమూ సవరించారు. జనం హమ్మయ్య అనుకున్నారు. అబద్ధం ఎందుకు, నేనూ అనుకున్నాను.

అయితే ఆ గొడవంతా ఇంటి గుమ్మం దగ్గరే జరిగింది, అసలు లెక్క తేలేది ఊరి బయట చెత్త యార్డు గేటులో, లారీలు తూచే కాటా దగ్గర. 2016 నాటి కేంద్ర చెత్త నిర్వహణ నిబంధనల్లోనే 5 లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లు కలిసి ఉమ్మడి ల్యాండ్‌ఫిల్, అంటే చెత్త పూడ్చే చోటు, పెట్టుకోవాలని రాశారు. గుంటూరు దగ్గర చెత్తతో కరెంటు తీసే 15 మెగావాట్ల ప్లాంటు చూడండి, గుంటూరు, విజయవాడ చెత్తతో పాటు చుట్టుపక్కల చిన్న ఊళ్ల చెత్త కూడా అక్కడికి పోయేలా కట్టారు. నాలుగు ఊళ్లు ఒకే చోట చెత్త పోస్తున్నప్పుడు ఎవరి వాటా ఎంత? జవాహర్‌నగర్ యార్డులో చెత్త తీసుకున్నందుకు హైదరాబాద్ కార్పొరేషన్ టన్నుకు ఇంత అని టిప్పింగ్ ఫీజు కడుతూ వచ్చింది. నాకు తెలిసి ఉమ్మడి యార్డుకైనా ఇదే సరైన పద్ధతి, తలకింత అని పంచుకుంటే చెత్త తగ్గించిన ఊరికి మిగిలేది ఏమీ ఉండదు.

కాటా దగ్గర ఒక్క రోజు నిలబడండి. లారీ నిండుగా ఎక్కుతుంది, ఖాళీ చేసి వచ్చి మళ్లీ ఎక్కుతుంది, రెండింటి తేడా చీటీ మీద పడుతుంది. వానాకాలంలో ఆ లారీ వెనక తలుపు నుంచి నల్లటి నీళ్లు కారుతుంటాయి, తడిసిన విస్తరాకులు, కొబ్బరి బొండాలు, ఫంక్షన్ హాల్లో మిగిలిన సాంబారు అన్నం. ఆ నీళ్లకి కూడా టన్ను లెక్కన డబ్బు మనదే.

లెక్క కోసం ఒక ఊరు అనుకుందాం. 10,000 ఇళ్లు, ఇంటికి రోజుకు కిలోన్నర, మొత్తం 15 టన్నులు. గేటు దగ్గర టన్నుకు 500 అనుకుంటే నెలకు 2 లక్షల 25 వేలు, అంటే ఇంటికి 22 రూపాయల 50 పైసలు. తడి చెత్త 8 టన్నులు ఊళ్లోనే కంపోస్టు చేస్తే పంపాల్సింది 7 టన్నులే, బిల్లు లక్షా 5 వేలు, ఇంటికి పది రూపాయల యాభై పైసలు. కంపోస్టు ఊరికే అవదు, కూలి ఉంది, షెడ్డు ఉంది, వాసన మీద ఫిర్యాదులు ఉన్నాయి. అయినా ఆ డబ్బు మన ఊరి కూలీ చేతికి వెళ్తుంది. 2026 ఏప్రిల్ నుంచి అమలు అని ప్రకటించిన కేంద్రం కొత్త నిబంధనలు కూడా వేరు చేయకుండా పంపే చెత్తకు ల్యాండ్‌ఫిల్ ఫీజు ఎక్కువ ఉండాలనే చెబుతున్నాయి.

ఇక జనం దగ్గర వసూలు సంగతి. బెంగళూరులో 2025లో ఆస్తి పన్నుతో కలిపేశారు, 600 చదరపు అడుగుల లోపు ఇంటికి నెలకు 10 రూపాయలు, 4,000 దాటితే 400. గుమ్మం దగ్గర తగువు తప్పుతుంది, నిజమే, కానీ ఇద్దరే ఉండే పెద్ద ఇంటికి బిల్లు ఎక్కువ, పదిమంది ఉండే చిన్న ఇంటికి తక్కువ. నా మాటడిగితే ఇళ్లను కాస్త వదిలేసి ముందు ఫంక్షన్ హాళ్లు, హోటళ్లు, కూరగాయల మార్కెట్ల దగ్గర బరువు తూచి వసూలు చేయాలి. రాజకీయంగా కష్టం, తెలుసు, ఫంక్షన్ హాలు ఎవరిదో మీ అందరికీ తెలుసు కదా.

ఇంకొకటి, యార్డు ఉన్న ఊరి వాళ్లు. మన వాసన, మన ఈగలు వాళ్లు భరిస్తున్నారు, కాబట్టి వాళ్ల చెత్తకు గేటు ఫీజు తీసుకోకూడదు, పైగా మనం కట్టే ప్రతి టన్నులో కొంత ఆ పంచాయతీకి చేరాలి. ఇది ఒప్పందంలో ముందే రాసుకోవాలి, తర్వాత చూద్దాం అంటే వాళ్లు రోడ్డు మీద లారీలు ఆపుతారు, ఆపడంలో తప్పూ లేదు.

కిందటి నెల కాటా చీటీలు కమిషనర్ ఆఫీసులో అడిగి తెచ్చాను, ఇదిగో ఈ కట్ట. వార్డుల వారీగా విడదీయలేదు, అదే నా ఫిర్యాదు. ముందు వరస నుంచి అటు అందించండి, చూస్తూ ప్రశ్నలు అడగండి.