పగడం రాతిని వదలకుండా ఉండాలంటే

విశాఖ శ్రోతలకు నమస్కారం. ఇంట్లో సముద్రపు అక్వేరియం పెట్టుకున్నవాళ్ల బెంగ ఒకటుంది. రాత్రి రాతికి అతికించిన పగడం తెల్లారేసరికి ఇసుకలో బోర్లా పడి ఉంటుంది. ఎందుకని?

అందరూ జిగురునే తిడతారు. కానీ చాలాసార్లు ఆ జిగురు పట్టుకున్నది రాతిని కాదండీ, రాతి మీది నాచుని. నాచు ఊడితే పగడమూ ఊడుతుంది.

ముందుగా ఒక మాట. దిబ్బలు కట్టే గట్టి పగడాలకు మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. వాటి జోలికి పోవద్దు. ఈ పూట మెత్తటి జాతుల సంగతే చెప్పుకుందాం. రాయి కూడా సిరామిక్‌తో చేసిందే అనుకుందాం.

జొయాంథిడ్‌నే తీసుకోండి. చొక్కా గుండీల్లాంటి రంగురంగుల పూలు, గుత్తులుగా ఉంటాయి. రూపాయి బిళ్లంత ప్లగ్ మీద, అంటే చిన్న దిమ్మ మీద అమ్ముతారు. ప్లగ్ అడుగున చిన్న కాడ ఉంటుంది. చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు పెట్టుకున్నాకే దీన్ని ముట్టుకోండి. ఈ జాతిలో కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. ఇవి పెరిగిన రాతిని వేడినీళ్లలో ఉడకబెట్టడం మరీ ప్రమాదం.

పంపులు ఆపండి. అనుకున్న చోట రాతిని పాత టూత్‌బ్రష్‌తో గట్టిగా రుద్దండి. వేలికి జారుడు తగలకూడదు. లేచిన మడ్డిని సూది లేని సిరంజితో ఊదేయండి. కాడ పట్టే బొరియ రాతిలో దొరికితే సగం పని అయినట్టే. దొరక్కపోతే కాడని కటింగ్ ప్లయర్‌తో తుంచేయండి.

ఇప్పుడు ప్లగ్‌ని బయటికి తీసి, అడుగు భాగాన్ని టిష్యూతో తుడవండి. అక్కడ శనగగింజంత జెల్ జిగురు, అంటే జెల్ రూపంలో ఉండే సూపర్ గ్లూ పెట్టండి. జెల్లే కావాలి, నీళ్లలా కారేది వద్దు. అక్వేరియం కోసం చేసిన ఎపాక్సీ పుట్టీ రెండు పాళ్లూ ఒకే రంగు వచ్చేదాకా పిసికి, గోలీకాయంత ముద్ద చేసి ఆ జిగురు మీద నొక్కండి. ముద్ద మీద మళ్లీ జిగురు. జిగురు, పుట్టీ, జిగురు: ఈ వరస గుర్తుంచుకోండి. జిగురు వెంటనే పడుతుంది గానీ సందులు నింపలేదు. పుట్టీ సందులు నింపుతుంది గానీ నీళ్లలో అంటుకోదు. రెండూ కలిస్తేనే పట్టు.

అసలు కిటుకు ఇక్కడుంది. నీళ్లు తగలగానే జిగురు మీద తెల్లటి పొర కడుతుంది. అలాగే రాతికి ఆనిస్తే ఆ పొర ఎండు మీగడలా అడ్డుపడుతుంది. అందుకే నొక్కి, కాస్త కుడికి, కాస్త ఎడమకి తిప్పండి. పొర చిరిగి లోపలి తాజా జిగురు రాతికి తగులుతుంది. నొక్కండి, తిప్పండి. ఒక నిమిషం కదలనీయకండి. పది, పదిహేను నిమిషాల తర్వాతే పంపులు వేయండి. పుట్టీ పూర్తిగా గట్టిపడడానికి గంటలు పడుతుంది.

ఆ రోజు ప్రోటీన్ స్కిమ్మర్, అంటే నీళ్లలోని మలినాలను నురగగా తీసే పరికరం, నురగ పొంగిస్తే కంగారుపడకండి, అది పుట్టీ ప్రభావం. అందుకే ఒకేరోజు పది పగడాలు అతికించొద్దు. నత్తలు, సన్యాసి పీతలు తోసినా నిలిచేలా రాతి వాలు కూడా చూసుకోండి.

తోలు పగడం సంగతి వేరు. దాని ఒళ్లంతా జిగట, జిగురు నిలవదు. చిన్న రాతిముక్క మీద పెట్టి, రబ్బర్ బ్యాండ్ వదులుగా వేయండి, బిగిస్తే ఒళ్లు తెగుతుంది. పుట్టగొడుగు పగడానికి అదీ అక్కర్లేదు. రాతిముక్కలు పోసిన గిన్నెలో వదిలి, పైన వల కప్పండి. కొన్ని వారాల్లో తనే పట్టుకుంటుంది. అప్పుడు ఆ ముక్కని రాతికి అతికించండి.

చివరగా మన ఊరి గాలి. ఈ జిగురు గట్టిపడేది తేమతోనే, విశాఖలో తేమకి కొదవలేదు. వాడగానే ట్యూబు మూతి తుడిచి, మూత బిగించి, సిలికా జెల్ పొట్లంతో సహా గాలి చొరని డబ్బాలో పెట్టండి.