క్వినైను మింగిన పట్టభద్రుడు

అందరికీ నమస్కారం. ఒడిశాలోని ఈ బరంపురం యూనివర్సిటీలో పట్టాలు పుచ్చుకున్న మన తెలుగు పిల్లల గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను నిలబెట్టారు. ఇందాక సన్మాన పత్రాలు చదివారు. ఒకరు బ్యాంకు మేనేజరు, ఒకరు ఇంజనీరు, ఇద్దరు అమెరికాలో. సంతోషమే. వాళ్ళ చదువు వల్ల ఎవరికి ఏం ఒరిగిందో మాత్రం ఏ పత్రంలోనూ రాయలేదు.

వి.వి. గిరి గారు ఈ ఊళ్ళో పుట్టి, కల్లికోట కాలేజీలో చదివినవారే. 1913లో డబ్లిన్ వెళ్ళి లా చదివొచ్చారు. ఆ ప్లీడరీ వదిలేసి రైల్వే కార్మికుల వెంట నడిచారు, 1969లో రాష్ట్రపతి అయ్యారు. ఇది మీకు కంఠతా వచ్చు.

పర్లాకిమిడి సంగతి చెబుతాను. గిడుగు రామమూర్తి గారు అక్కడ రాజావారి బడిలో మాస్టారు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా బి.ఏ. కట్టి ప్యాసయ్యారు. మనలాంటివాళ్ళమైతే జీతం పెరిగిందని ఊరుకుందుము. ఆయన కొండల్లో ఉండే సవరల భాష వచ్చిన ఒక మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. అప్పటికి దానికి ఒక వాచకమంటూ లేదు. వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు, 1931లో ఆయన రాసిన సవర వ్యాకరణం అచ్చయింది. మన్యంలో తిరిగితే చలిజ్వరం. దానికి మందని క్వినైను మింగీ మింగీ చెవులు పోయాయి. చెవితో ఒక భాషను పట్టుకున్న మనిషికి చెవుడు! (చెవులుండీ మీరు ఇంట్లోవాళ్ళ మాట వినరు అంటుంది మా ఆవిడ.) ప్రభుత్వం బహుమతి ఇస్తామంటే, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టండి అన్నారు.

1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు మనసు కష్టపెట్టుకుని రాజమండ్రి వెళ్ళిపోయారు. మన తాతలు ఉండిపోయారు. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. చదువుకున్నవాళ్ళకు చిక్కులేదు. మొన్న ఒక ఆఫీసు మెట్ల మీద మన ముసలమ్మ పింఛను కాయితం పట్టుకుని కూర్చుంది. అది ఒడియాలో ఉంది. నింపిపెట్టడానికి బయట ఒకడు వంద అడిగాడు. పక్కనే మన పట్టభద్రుడొకడు బండి మీద కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. తిట్టబుద్ధి కాలేదు. వాడు నా శిష్యుడే, నేను నేర్పింది అంతే.

అందుకే వచ్చే ఆదివారం నుంచి పొద్దున్నే మా ఇంటి అరుగు మీద బల్ల వేస్తున్నాను. పింఛను, రేషను కార్డు, కుల ధ్రువపత్రం, ఏ కాయితమైనా నింపిపెడదాం. నాకు చెయ్యి వణుకుతోంది. ఒడియా దస్తూరీ బాగున్నవాళ్ళు ఇద్దరు కావాలి. టిఫిను మా ఇంట్లోనే.